గుమ్మం మారింది, వాయిదా మారలేదు

(అంబాజీపేటలో విద్యార్థులు, ఉద్యోగులు, కొబ్బరి రైతులు, వర్తకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

కొబ్బరి ఊరికి వచ్చి హైకోర్టు గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు మీ మార్కెట్ ధరల పట్టికలోనే ఉంది. రోజూ పేపర్లో వస్తుంది కదా: కొత్తకొబ్బరి క్వింటాలు ఇంత, కురిడీ గండేరా వెయ్యి ఇంత, గటగటా వెయ్యి ఇంత, నీటికాయ పాతది ఇంత, పచ్చికాయ ఇంత. ఈ పట్టికలోని పేర్ల మీద కూడా నల్లకోట్లు వాదించుకున్నాయి. మీ కాయ చెట్టు దిగి, ఒలుపు అయ్యి, బస్తాకెక్కి లారీలో పోయేలోపు దాని వెనకాల ఒక చట్టం, ఒక నోటీసు, ఒక ఫీజు, ఒక్కోసారి ఒక వ్యాజ్యం కూడా పోతాయి. ఆ వ్యాజ్యం ఎక్కడ తేలుతుంది, ఏ భాషలో తేలుతుంది, ఎన్నేళ్లకు తేలుతుంది అన్నదే ఇవాళ మనం మాట్లాడుకోవాల్సిన సంగతి.

మేం ప్రత్యేక రాష్ట్రం కోసం రోడ్డెక్కిన వాళ్లం. మీలో చాలామంది సమైక్యం కోసం రోడ్డెక్కారు. 2014 జూన్ 2తో ఆ పంచాయితీ ముగిసింది. దాన్ని మళ్లీ తవ్వడానికి మేం గోదావరి దాటి రాలేదు. ఉద్యమంలో మేం నేర్చుకున్న పాఠం ఒకటుంది. అధికారం దూరంగా ఉంటే జనానికి అన్యాయం జరుగుతుంది. ఆ దూరాన్ని కిలోమీటర్లలో మాత్రమే కొలిస్తే మనం మళ్లీ మోసపోతాం. కిలోమీటర్ల దూరం ఒకటి. భాష దూరం ఇంకొకటి. ఏళ్ల దూరం మరొకటి. ఖర్చు దూరం అన్నిటికన్నా పెద్దది. ఈ నాలుగూ తగ్గినప్పుడే కోర్టు మనదవుతుంది.

పన్ను, భూమి, నేరం. సామాన్యుడిని హైకోర్టు గుమ్మం దాకా తీసుకెళ్లేవి ముఖ్యంగా ఈ మూడే. ఒక్కొక్కటే చూద్దాం.

నీటికాయా? కురిడీయా?

మొదటిది పన్ను. కేంద్ర అమ్మకపు పన్ను చట్టం 1956లో వచ్చింది. కొన్ని సరుకులను ముఖ్యమైనవిగా ప్రకటించి, వాటి మీద రాష్ట్రాలు ఒక్క దశలోనే పన్ను వెయ్యాలని ఆ చట్టం కట్టడి చేసింది. నూనెగింజలు ఆ జాబితాలోవే. మరి కొబ్బరికాయ నూనెగింజేనా? నీళ్లున్న కాయా, నీళ్లింకి ఎండిన కాయా ఒకే సరుకా, రెండు సరుకులా? ఒకటే అయితే ఒకసారి పన్ను కట్టాక మళ్లీ అడగకూడదు. రెండైతే రెండింటికీ వేరువేరుగా కట్టాల్సిందే.

చూడ్డానికి చిన్న ప్రశ్న. దాని మీద ఆంధ్రప్రదేశ్ కొబ్బరి వర్తకులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. శ్రీ సిద్ధివినాయక కోకోనట్ కంపెనీ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్య కేసది. పేరు వినగానే పక్కనున్న అయినవిల్లి స్వామి గుర్తొస్తాడు గానీ, ఆ కేసులో విఘ్నం వర్తకులకే ఎదురైంది. నీటికాయ వేరు, ఎండుకాయ వేరు, వ్యాపారం దృష్టిలో అవి రెండు సరుకులని 1974లో సుప్రీంకోర్టు తేల్చింది.

అంబాజీపేటలో ఒలుపు కూలీని అడిగితే ఆ ముక్క అరనిమిషంలో చెప్పి ఉండేవాడు. నీటికాయ గుడికి పోతుంది, పచ్చడికి పోతుంది. కురిడీ మాట వేరు. అటక మీద నెలల తరబడి మగ్గాలి, నీళ్లింకాలి, గుడ్డు కదలాలి. కొనేవాడు వేరు, ధర వేరు, లెక్కగట్టే తీరు వేరు. కోర్టు కూడా చివరికి మార్కెట్ మాటనే పట్టుకుంది. సరుకేమిటో తేల్చడానికి నిఘంటువు కన్నా, వృక్షశాస్త్రం కన్నా దాన్ని కొనేవాడూ అమ్మేవాడూ ఏమంటున్నారన్నదే ముఖ్యమన్నది పన్ను కేసుల్లో కోర్టులు తరచూ పాటించే సూత్రం. అంటే చట్టానికి అసలు అర్థం మీ మార్కెట్ యార్డులో ఉంది. దాన్ని వెతుక్కుంటూ ఫైలు మాత్రం ఢిల్లీ దాకా వెళ్లింది!

ఆ కథ అక్కడితో అయిపోలేదు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. కాయకు పన్ను లేదు, గానుగకు వెళ్లే ఎండుకొబ్బరికి 5 శాతం. పేరు మారింది గానీ గీత ఎక్కడ గియ్యాలన్న తగువు పాతదే. నూనె సంగతీ చూడండి. చిన్న సీసాలో అమ్మే కొబ్బరినూనె వంటనూనా, తలనూనా? ఎక్సైజు శాఖకూ కంపెనీలకూ మధ్య నడిచిన ఆ తగువులో 2018లో సుప్రీంకోర్టులోని ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. చివరికి 2024 డిసెంబర్ 18న ముగ్గురు జడ్జీల బెంచి తీర్పిచ్చింది. సీసా చిన్నదైనంత మాత్రాన అది తలనూనె అయిపోదు, తలనూనెగా చూపించి అమ్మితే తప్ప అది వంటనూనే అని చెప్పింది. మన అమ్మమ్మలు ఒకే సీసాలోంచి కూరలోకీ పోసేవారు, జడకూ రాసేవారు. దాన్ని తేల్చడానికి దేశానికి ఇన్నేళ్లు పట్టింది.

ఇందులో నవ్వుకోవాల్సింది కొంతే. పెద్ద కంపెనీ పదేళ్లు కేసు నడపగలదు. దానికి ఢిల్లీలో వకీళ్లుంటారు, ఆ ఖర్చును సీసా ధరలో కలిపేస్తుంది. అంబాజీపేటలో రెండు లారీల సరుకు నడిపే చిన్న వర్తకుడి మాటేమిటి? జీఎస్టీ చట్టం ప్రకారం అధికారి ఆర్డరు మీద మొదటి అప్పీలు శాఖలోని పైఅధికారికి, ఆ పైన ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఆ ట్రిబ్యునల్‌ను ప్రారంభించింది 2025 సెప్టెంబర్ 24న. చట్టమొచ్చిన ఎనిమిదేళ్లకు! ఈ ఎనిమిదేళ్లూ మొదటి అప్పీలు పోగొట్టుకున్నవాడికి ఉన్న దారి హైకోర్టులో రిట్ వేసుకోవడమే. మధ్యమెట్టు కట్టకుండా మేడ మీదికి రమ్మన్నారు. ఎక్కలేనివాడు అడిగినంత కట్టేసి ఊరుకున్నాడు. అలా ఊరుకున్న వాళ్ల లెక్క ఏ లా రిపోర్టులోనూ ఉండదు.

ఫీజు తీసుకుంటే పని చెయ్యాలి

పన్ను పక్కనే ఇంకొకటుంది, మార్కెట్ ఫీజు. దాని మీద నడిచిన కేసు అచ్చంగా మీదే. కృష్ణా కోకోనట్ కంపెనీ ఒకవైపు, తూర్పుగోదావరి కొబ్బరి-పొగాకు మార్కెట్ కమిటీ ఇంకొకవైపు. మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం, 1933 ప్రకారం నోటిఫై చేసిన ప్రాంతంలో 'కొన్న, అమ్మిన' సరుకు మీద కమిటీ ఫీజు వసూలు చేసుకోవచ్చు. కాయ ఇక్కడ కొంటున్నాం గానీ అమ్మేది బయటి ప్రాంతాల్లో, కొనడమూ అమ్మడమూ రెండూ ఇక్కడే జరగనప్పుడు ఫీజేమిటని వర్తకులు అడిగారు. హైకోర్టులో నెగ్గలేదు, సుప్రీంకోర్టుకు వెళ్లారు. కొనడం, అమ్మడం రెండు వేరువేరు లావాదేవీలు కావు, రైతు అమ్మితేనే వర్తకుడు కొన్నాడు, ఒకే లావాదేవీకి అవి రెండు ముఖాలని సుప్రీంకోర్టు చెప్పింది. వర్తకుల వాదన నిలబడలేదు. 1967 లా రిపోర్టుల్లో అచ్చయిన తీర్పిది. మార్కెట్ చట్టం పుట్టిందే సరుకు తెచ్చే రైతును మధ్యదళారీ నుంచి కాపాడటానికి అన్న దృష్టితోనే న్యాయస్థానం ఆ మాటలకు అర్థం చెప్పింది.

ఈ తీర్పును వర్తకులు ఓడిపోయిన కథగా చదివి వదిలెయ్యకండి, రైతుకు దక్కిన హక్కుగా కూడా చదవండి. ఫీజు రైతు పేరు చెప్పి తీసుకుంటున్నారు. మరి ఆ రైతుకు యార్డులో ఏం చేశారు? 1966లో ఆంధ్రప్రదేశ్ సొంత మార్కెట్ల చట్టం తెచ్చుకుంది. ఫీజును వంద రూపాయలకు అర్ధరూపాయి నుంచి రూపాయికి పెంచితే వర్తకులు మళ్లీ కోర్టుకెక్కారు. 1983లో శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ పెంపును సమర్థించింది. ఫీజుకూ సేవకూ పైసా పైసా లెక్క సరిపోనక్కర్లేదు గానీ, రెండింటి మధ్య సంబంధమైతే ఉండాలంది.

ఆ సంబంధమే మీ చేతిలోని ఆయుధం. గోడౌను ఎంత ఉంది, కాటా సరిగ్గా ఉందా, ఆరబెట్టుకునే కళ్లం ఉందా, కొబ్బరి ధర పడిపోయినప్పుడు నాఫెడ్ కొనుగోలు కేంద్రం ఏ తేదీన తెరిచారు? కేంద్రం 2025 సీజనుకు మర ఆడే ఎండుకొబ్బరికి క్వింటాలు రూ. 11,582, కురిడీకి రూ. 12,100 మద్దతు ధర ప్రకటించింది. ధర ప్రకటించడం వేరు, కొనడం వేరు. ఈ ప్రశ్నలు అడగడానికి నల్లకోటు అక్కర్లేదు. సమాచార హక్కు దరఖాస్తు ఒకటి చాలు. ఆ దరఖాస్తుకు వచ్చే జవాబే రేపు హైకోర్టులో మీ సాక్ష్యం.

భూమి: తగువులో ఉన్నవాడే తీర్పరి కాకూడదు

రెండోది భూమి. కోనసీమలో భూమి తగువంటే కొబ్బరితోట సరిహద్దు, ఉమ్మడి ఆస్తి పంపకం, దేవుడి మాన్యం, లంక భూమి. గోదావరి ఒక ఏడాది కోసేస్తుంది, ఇంకో ఏడాది మేట వేస్తుంది. కోసేసిన నేలకు నష్టపోయింది రైతు. మేటవేసిన నేల మీద మాత్రం సర్కారు బోర్డు పడుతుంది. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద తాసిల్దారు కార్యాలయం నుంచి నోటీసు వస్తుంది. ఏడో సెక్షను నోటీసు, ఆపైన ఆరో సెక్షను ఉత్తర్వు. అంతే, ఖాళీ చెయ్యాలి.

ఇక్కడ ప్రతి రైతూ తెలుసుకోవాల్సిన తీర్పొకటుంది. హైదరాబాదులో ఉస్మానియా యూనివర్సిటీ కోసం సేకరించిన భూమి దగ్గర పుట్టిన వివాదమది. కేసు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. భూమి ఎవరిదన్న దాని మీద నిజాయతీగా, గట్టిగా వివాదం ఉన్నప్పుడు సర్కారు తనంతట తాను హక్కు తేల్చేసుకుని, ఒక్క నోటీసుతో మనిషిని ఖాళీ చేయించకూడదు, మామూలు సివిల్ కోర్టుకు వెళ్లి తేల్చుకోవాలని 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎన్నేళ్లుగా అనుభవంలో ఉన్నాడన్నది అక్కడ ముఖ్యం కాదు, హక్కు మీద అసలైన వివాదం ఉందా లేదా అన్నదే ముఖ్యమంది. ఊరి భాషలో చెప్పాలంటే తగువులో ఉన్నవాడే తీర్పరి కాకూడదు. ఈ రక్షణ నిజమైన హక్కు కాగితం ఉన్నవాడికి. ఊరికే ఆక్రమించుకుని కూర్చున్న పెద్దమనిషికి మాత్రం కాదు. అదీ గుర్తుపెట్టుకోవాలి.

ఈ సూత్రానికి మొన్నమొన్ననే పెద్ద పరీక్ష వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ల్యాండ్ టైట్లింగ్ చట్టం మీకందరికీ తెలుసు. 2023లో అమల్లోకి తెచ్చారు. భూమి హక్కు తగువును ఊరికి దగ్గరలోని మునసబు కోర్టు నుంచి తీసి, ప్రభుత్వం నియమించే టైట్లింగ్ అధికారుల చేతిలో పెట్టడం దాని పద్ధతి. వాళ్ల తీర్పు నచ్చకపోతే హైకోర్టుకు పొమ్మంది. అమలాపురం, కొత్తపేట, రాజోలు కోర్టుల్లో తేలాల్సిన గట్టు తగువు నేలపాడు దాకా పోవాలన్నమాట! రాష్ట్రమంతటా లాయర్లు కోర్టులు బహిష్కరించి వీధికెక్కారు. 2024లో ప్రభుత్వం మారాక, ఆ జూలైలోనే శాసనసభ చట్టాన్ని రద్దు చేసింది.

దీన్ని ఒక పార్టీ ఓటమిగా, ఇంకో పార్టీ గెలుపుగా లెక్కగట్టుకుని ఊరుకుంటే నష్టం మనకే. రికార్డులు సరిచెయ్యాల్సిన అవసరం అలాగే ఉంది, సర్వేలో తప్పులూ అలాగే ఉన్నాయి. రేపు ఏ ప్రభుత్వమైనా మరో పేరుతో అదే పని చెయ్యవచ్చు. అప్పుడు మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: నా గట్టు తగువు వినేవాడు నా ఊరికి ఎంత దూరంలో ఉంటాడు, అతను ఎవరికి జవాబుదారీ?

ఇంకో మాట. సివిల్ కేసులో రెండు మెట్లు దాటి హైకోర్టులో రెండో అప్పీలు వేస్తే, అక్కడ సాక్ష్యాలను మళ్లీ తిరగెయ్యరు. 1976 సవరణ తర్వాత, ముఖ్యమైన చట్టప్రశ్న ఏదైనా ఉంటేనే ఆ అప్పీలు వింటారు. కాబట్టి కింది కోర్టులో మీ కాగితం, మీ సాక్షి సరిగ్గా పడకపోతే పైన ఎంత పెద్ద వకీలును పెట్టినా ప్రయోజనం తక్కువ. యుద్ధం అమలాపురంలోనే గెలవాలి.

నేరం: ఊళ్లో కోర్టు, జైల్లో ఎనిమిదేళ్లు

మూడోది నేరం. ఇక్కడ పోయేది డబ్బు కాదు, మనిషి.

చుండూరు పేరు వినని దళిత యువకుడు కోనసీమలో ఉండడు. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితులను చంపారు. బాధితులు పట్టుబట్టి పోరాడితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టును ఆ ఊళ్లోనే పెట్టారు. జడ్జి, వకీళ్లు, పోలీసులు అందరూ ఊరికే వచ్చారు. సాక్షి తన గడప నుంచి నడిచి వెళ్లి చెప్పుకోగలిగాడు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైదరాబాదులోని హైకోర్టు, నేరం సందేహానికి తావు లేకుండా రుజువు కాలేదని అందరి శిక్షలూ కొట్టేసింది. దాని మీద సుప్రీంకోర్టుకు అప్పీళ్లు వెళ్లాయి.

కోర్టు ఊరికి దగ్గరగా వచ్చినప్పుడు ఒక తీర్పు, దూరంగా కాగితాల మీద చూసినప్పుడు ఇంకో తీర్పు. ఏది సరైనదో న్యాయశాస్త్రం తెలిసినవాళ్లు వాదించుకోనివ్వండి. మాకు కనిపించేది ఒకటి. దాడి జరిగిన 16 ఏళ్లకు మొదటి తీర్పు, 23వ ఏట రెండోది. ఆరోజు చంకలో ఉన్న పిల్ల ఈ లోపు తల్లి అయి ఉంటుంది. చచ్చిపోయినవాళ్లకు న్యాయం లేదు, బతికున్న సాక్షులకు జ్ఞాపకం మిగల్లేదు. ఆలస్యం మొదట తినేసేది సాక్ష్యాన్నే. సాక్ష్యం పోయాక తీర్పు ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు.

రెండో వైపూ చూడండి. 2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గర హాస్టల్లో ఒక విద్యార్థినిని హత్య చేశారు. ఒక పేద యువకుణ్ణి పట్టుకొచ్చారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతను నిర్దోషి అని తేల్చింది. రూ. లక్ష పరిహారం ఇవ్వమంది, దర్యాప్తు చేసిన పోలీసుల మీద చర్య తీసుకోమంది. అప్పటికి ఆ కుర్రాడు జైల్లో ఎనిమిదేళ్లకు పైగా గడిపాడు. బయటికొచ్చింది మీ రాజమండ్రి సెంట్రల్ జైలు గేటులోంచే. కూతుర్ని పోగొట్టుకున్న తల్లికి హంతకుడెవరో తెలియలేదు, కొడుకును జైలుకిచ్చిన తల్లికి ఎనిమిదేళ్లు తిరిగి రాలేదు. ఒకే కేసులో ఇద్దరు తల్లులకూ అన్యాయం జరిగింది.

ఇలాంటి అప్పీళ్లు ఏళ్ల తరబడి పడి ఉండటం చూసే, ఐదేళ్లు జైల్లో గడిపినా అప్పీలు తేలని యావజ్జీవ ఖైదీలకు కొన్ని షరతులతో బెయిలు ఇవ్వవచ్చని 2016లో ఉమ్మడి హైకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. మంచిదే. కానీ ఆ మాటకు అర్థమేమిటి? ఐదేళ్లలో అప్పీలు వినలేమని కోర్టే లెక్కలోకి తీసుకుందన్నమాట.

నాలుగు గుమ్మాలు

ఇప్పుడు దూరం సంగతికొద్దాం. అంబాజీపేటలో తొంభై ఏళ్ల తాతగారుంటే ఆయన జీవితంలో హైకోర్టు నాలుగు చోట్లకు మారింది. ఆయన పుట్టినప్పుడు మద్రాసు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1954 జూలై 5న గుంటూరులో హైకోర్టు పెట్టారు. మొదటి ప్రధాన న్యాయమూర్తి రాజమండ్రి బిడ్డ కోకా సుబ్బారావు గారు. రెండున్నరేళ్లు తిరక్కుండానే 1956 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైకోర్టు హైదరాబాదుకు పోయింది. అక్కడ 62 ఏళ్లు. 2019 జనవరి 1న రెండు హైకోర్టులయ్యాయి, మీది అమరావతి నేలపాడుకొచ్చింది.

ఆ చివరి మార్పు ఊరికే రాలేదు. రాష్ట్రం విడిపోయి నాలుగున్నరేళ్లు దాటినా హైకోర్టు విడిపోలేదు. మా లాయర్లు ఏళ్ల తరబడి కోర్టులు బహిష్కరించారు. 2016 జూన్‌లో న్యాయాధికారుల కేటాయింపు మీద తెలంగాణ జడ్జీలే నిరసనకు దిగితే 11 మందిని సస్పెండు చేశారు, మిగతావాళ్లు సామూహిక సెలవు పెట్టారు. మన చరిత్రలో జడ్జీలు రోడ్డెక్కడం చూశామంటే హైకోర్టు అంటే ఎంత పట్టుదలో అర్థం చేసుకోండి. చివరికి 2018 డిసెంబర్ 26న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. మీ ఉద్యోగులు, లాయర్లు ఐదారు రోజుల్లో మూటాముల్లె సర్దుకుని విజయవాడ చేరాల్సి వచ్చింది. పోరాడినందుకు మాకో సంతృప్తి, దగ్గరికొచ్చినందుకు మీకో సంతృప్తి.

కానీ నిజం మాట్లాడుకుందాం. ఇదివరకు అంబాజీపేట నుంచి నాలుగొందల పైచిలుకు కిలోమీటర్లు, ఇప్పుడు దాదాపు రెండొందలు. సగం దూరం తగ్గింది. వాయిదాలు సగమయ్యాయా? ఖర్చు సగమైందా? రాత్రి బస్సెక్కి పోయి, పొద్దున కేసు పిలుపుకు రాక, మళ్లీ రాత్రి బస్సెక్కిన వాళ్లు ఈ సభలోనే ఉంటారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు మంజూరైన జడ్జీ పోస్టులు 37. తెలంగాణకు 2021లో 24 నుంచి 42కు పెంచారు. మంజూరు కాగితం మీది అంకె వేరు, బెంచి మీద కూర్చున్నవాళ్ల అంకె వేరు. ఆ రెండింటి తేడా చివరికి మీ కేసు వాయిదాగా మారి మీకు చేరుతుంది.

రాయలసీమ సోదరులు 1937 నవంబర్ 16 నాటి శ్రీబాగ్ ఒడంబడికను గుర్తుచేస్తూనే ఉన్నారు. కర్నూలులో హైకోర్టు బెంచి పెట్టాలని 2024 నవంబర్‌లో శాసనసభ తీర్మానం చేసింది. అది వాళ్ల న్యాయమైన కోరిక. బెంచీలు పెడితే కొంప మునిగిందేమీ లేదు. తమిళనాడులో 2004 నుంచి మదురైలో బెంచి నడుస్తోంది. కర్ణాటకలో ధార్వాడ, కలబురగిల్లో బెంచీలున్నాయి. దశాబ్దాలు పోరాడిన కొల్హాపూర్‌కు 2025 ఆగస్టులో బాంబే హైకోర్టు సర్క్యూట్ బెంచి వచ్చింది. అడిగినవాళ్లకు ఆలస్యంగానైనా దక్కింది. అడగనివాళ్లకు ఎప్పటికీ దక్కదు.

మన కేసు మనకర్థమయ్యే భాషలో

అన్నిటికన్నా మొండి దూరం భాష. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టు భాష ఇంగ్లీషు. రాష్ట్రపతి సమ్మతితో గవర్నరు రాష్ట్ర భాషను హైకోర్టు వ్యవహారాల్లో అనుమతించవచ్చని అదే అధికరణం చెబుతోంది. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, బీహార్‌లలో హిందీకి ఆ అనుమతి దశాబ్దాల కిందటే దక్కింది. తమిళం, కన్నడం, బెంగాలీ, గుజరాతీ అడిగినవాళ్లకు దక్కలేదు. హిందీకి చెల్లిన న్యాయం తెలుగుకెందుకు చెల్లదు?

2023 జూన్ ఆఖర్లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి తగువులో తెలుగులో తీర్పిచ్చింది. అన్నదమ్ముల మధ్య, తల్లి రాసిన వీలునామా మీద నడిచిన కేసు. జస్టిస్ పి. నవీన్ రావు, జస్టిస్ నగేశ్ భీమపాక బెంచి రాసింది. అంతకు కొన్ని నెలల ముందు కేరళ హైకోర్టు మలయాళంలో తీర్పిచ్చింది. తల్లి వీలునామా గురించి కోర్టు ఏమందో ఆ అన్నదమ్ములు వకీలు సాయం లేకుండా స్వయంగా చదువుకోగలిగారు. ఓడినవాడికి కూడా ఎందుకు ఓడాడో తెలిసింది. ఎందుకు ఓడాడో తెలియనివాడు కోర్టును నమ్మడు. ఆ ఒక్క తీర్పు ఆనవాయితీ కావాలి. లేకపోతే పేపర్లో ఫొటోగా మిగిలిపోతుంది.

ఏం చెయ్యాలి?

మిత్రులారా, ఉపన్యాసం విని చప్పట్లు కొట్టి వెళ్లిపోతే మా రాక దండగ. కొన్ని పనులు చెప్పి ముగిస్తాం.

విద్యార్థులారా, లా చదివే ప్రతి ఒక్కరూ మీ ఊరి మీద వచ్చిన తీర్పు ఒక్కటి తీసుకుని రెండు పేజీల తెలుగులో రాయండి. సిద్ధివినాయక కేసుతో మొదలుపెట్టండి. మార్కెట్ యార్డు గోడకు అంటించండి.

ఉద్యోగులారా, రెవెన్యూలో ఉన్నవాళ్లు, వాణిజ్య పన్నుల శాఖలో ఉన్నవాళ్లు, కోర్టు సిబ్బంది, మీరు రాసే నోటీసు తెలుగులో, అర్థమయ్యేలా రాయండి. ఏ సెక్షను, ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి, ఎవరికి అప్పీలు చేసుకోవాలి, ఈ మూడూ రాస్తే సగం వ్యాజ్యాలు పుట్టనే పుట్టవు.

రైతులారా, దింపు కార్మికులారా, వకీలు ఫీజు లేదని హక్కు వదులుకోకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం అందాలి. మిగతా పేదలకు ఆదాయ పరిమితి ఉంది. మండల స్థాయి నుంచి హైకోర్టు దాకా ఇందుకు కమిటీలున్నాయి. 15100 నంబరుకు ఫోను చేసి అడగండి. అది దానం కాదు, రాజ్యాంగం 39ఏ అధికరణం ఇచ్చిన మాట.

అందరం కలిసి అడగాల్సినవి నాలుగు. ఖాళీ జడ్జీ పోస్టులు గడువు పెట్టి నింపాలి. హైకోర్టులో తెలుగుకు 348 కింద అనుమతి రావాలి, అది వచ్చేదాకా ప్రతి తీర్పుకూ తెలుగు ప్రతి ఇవ్వాలి. అమలాపురం కోర్టు ఆవరణలోంచే హైకోర్టు విచారణను కక్షిదారు వీడియోలో చూసే ఏర్పాటు ఉండాలి. చివరిది, భూమి తగువు వినే సివిల్ కోర్టును ఊరికి దూరం చేసే ఏ చట్టాన్నీ ఇకముందు ఒప్పుకోకూడదు.

మేం రాష్ట్రం కోసం కొట్లాడాం, వచ్చింది. హైకోర్టు కోసం కొట్లాడాం, వచ్చింది. బోర్డు మారిన రోజు స్వీట్లు పంచుకున్నాం. మర్నాడు పొద్దున గుమ్మం దగ్గర అదే పేదవాడు, అదే చేతిసంచి, అదే వాయిదా కాగితం. ఆ కాగితం మీది తేదీ దగ్గరికి రావాలి, దాని మీది అక్షరం మనకర్థం కావాలి. గోదావరికి ఇటున్నా అటున్నా మనందరికీ ఇక మిగిలిన పోరాటం అదే.